భూతేశ మండలములోని మహాశూన్యము

వైశాఖ జ్యేష్ఠ మాసములలో రాత్రి పది గంటల వేళ ఆరుబయట మంచము వేసికొని పరుండినవారికి ఇంచుమించు నడినెత్తిన బంగారు వన్నె గల పెద్ద చుక్క యొకటి కనబడును. అది స్వాతి. స్వాతి కార్తెకు ఆ పేరు వచ్చినది ఈ చుక్క వలననే. స్వాతి యున్న నక్షత్ర సముదాయమునకు భూతేశ మండలమని పేరు. స్వాతికి ఉత్తరముగా ఆ మండలపు చుక్కల నడుమ కంటికి వింత యేమియు గోచరింపదు. అయినను ఆ దిక్కుననే, ఆ చుక్కల కన్నిటికిని ఎంతో వెనుక, మానవుడు కనుగొనిన మిక్కిలి పెద్ద శూన్యములలో నొకటి యున్నది.

ఎంత వెనుక? కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. అట్లు ఒక సంవత్సరము పోయిన దూరమే కాంతి సంవత్సరము. స్వాతి మనకు 37 కాంతి సంవత్సరముల దూరములో నున్నది. శూన్యము యొక్క నడిబొడ్డో, సుమారు 70 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున నున్నది. అంత దూరము నుండి నేడు మనలను చేరుచున్న వెలుగు బయలుదేరిన నాడు భూమిపై చెట్లు లేవు. సముద్రములలో చేపలును లేవు.

ఆకాశములోని నక్షత్రములు చెదరిన గింజలవలె ఒంటరిగా లేవు. కోట్లకొలది నక్షత్రములు ఒక కూటమిగా చేరియుండును. అట్టి కూటమిని గెలాక్సీ యందురు. సూర్యుడు చేరియున్న గెలాక్సీయే పాలపుంత. దాని యడ్డుకొలత సుమారు ఒక లక్ష కాంతి సంవత్సరములు. పాలపుంత వంటివి కోటానుకోట్లు కలవు. అవి ఆకాశమందంతటను సరిసమానముగా చల్లబడి యుండునని చాలకాలము శాస్త్రజ్ఞులు తలచిరి. గుంపులుగా నుండు గెలాక్సీలను వారెరుగుదురు గాని, గుంపుల నడుమ నేమున్నదో విచారించినవారు తక్కువ.

దానికి కారణము లేకపోలేదు. చీకటి రాత్రి గట్టుమీద నిలిచి చూచువానికి దూరమున దీపములు కొన్ని కనబడును. అందు కొన్ని చెరువుకు ఈవలి గట్టున నుండవచ్చును, కొన్ని ఆవలి గట్టున నుండవచ్చును. చూచువానికి అన్నియు ఒక్క వరుసనే యున్నట్లు తోచును. నడుమ చెరువున్నదన్న సంగతియే తెలియదు. ఆకాశపు ఛాయాచిత్రములును అట్టివే. గెలాక్సీ యే దిక్కున నున్నదో అవి చూపును గాని, ఎంత దూరమున నున్నదో చెప్పజాలవు.

ఆ దూరము తెలిసికొనుటకు మార్గము చూపినవాడు అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడగు ఎడ్విన్ హబుల్. గెలాక్సీ యెంత దూరమున నుండునో అంత వేగముగా మననుండి తొలగిపోవుచున్నదని 1929లో ఆయన ప్రకటించెను. తొలగిపోవు గెలాక్సీ కాంతిని పట్టకము వంటి సాధనముతో రంగులుగా విడదీసినచో అందలి గీతలు ఎఱుపు వైపునకు జరిగి కనబడును. దీనినే అరుణ విస్థాపనమందురు. జరుగుట యెంతయో కొలిచిన వేగము తెలియును. వేగమును బట్టి దూరము తెలియును. అయితే తొలినాళ్లలో ఒక్క మసక గెలాక్సీ గీతలు పట్టుటకు ఫలకము ముందు గంటల తరబడి కనిపెట్టుకొని యుండవలసి వచ్చెడిది. సున్నితమైన ఎలక్ట్రానిక్ గ్రాహకములు వచ్చిన తరువాతనే, 1970 దాటిన పిమ్మట, ఈ పని చురుకుగా సాగెను. గెలాక్సీలు లేని ఖాళీ తావులు కొన్ని అప్పుడే బయటపడినవి.

1981లో రాబర్ట్ కిర్ష్‌నర్, అగస్టస్ ఓమ్లర్, పాల్ షెక్టర్, స్టీఫెన్ షెక్ట్‌మన్ అను నలుగురు శాస్త్రజ్ఞులు భూతేశ మండలమునకు చుట్టుపట్ల, ఒకదానికొకటి దూరముగా నున్న మూడు చిన్న తావులను ఎన్నుకొని అందలి గెలాక్సీల వేగములను కొలిచిరి. సెకనుకు 12,000 కిలోమీటర్ల లోపు వేగము గలవి కనబడినవి. 18,000 దాటినవియు కనబడినవి. నడిమి వేగములు గలవి మాత్రము ఇంచుమించు లేవు. మూడు తావులందును ఇదే తీరు! ఒక్క తావున నైనచో యాదృచ్ఛికమని త్రోసివేయవచ్చును. మూడింటను ఒకే దూరమున వెలితి కనబడుటచే, మూడింటి నడుమనున్న ప్రదేశమంతయు ఖాళీయేమో యని వారనుమానించిరి.

అయితే అనుమానము వేఱు, నిరూపణము వేఱు. మూడు బావులలో నీరు పడనంత మాత్రమున ఊరంతయు నీరులేదని చెప్పదగునా? కావుననే వారు తమ వ్యాసమునకు పేరు పెట్టునపుడు చివర ప్రశ్నార్థకము నుంచిరి. శాస్త్రజ్ఞునకు ఉండవలసిన జంకు అదియే. పిదప ఆ మూడు తావుల నడుమ రెండువందలకు పైగా చిన్న చిన్న తావులను గుర్తించి, ఒక్కొక్కదానిలోని గెలాక్సీల వేగములను ఓపికతో కొలుచుచు పోయిరి. 1987లో ఆ ఫలితములు ప్రకటింపబడినవి. శూన్యము నిజమే. ఈసారి వ్యాసము పేరులో ప్రశ్నార్థకము లేదు.

ఈ శూన్యము అడ్డుకొలత సుమారు 33 కోట్ల కాంతి సంవత్సరములని చెప్పుదురు. పాలపుంత వంటి గెలాక్సీలను పక్కపక్కనే పేర్చినచో ఒక దరి నుండి మఱియొక దరికి చేరుటకు 3,300 కావలెను. అయినను ఇది బొత్తిగా వట్టిది కాదు. వెదకగా వెదకగా ఇందులో గెలాక్సీలు ఒక్కటొక్కటిగా బయటపడినవి. వాని సంఖ్య నేడు 60కి దరిదాపుగా నున్నది. పెద్ద యెడారిలో అక్కడక్కడ పూరిపాకలవంటి వవి. మన పాలపుంత ఈ శూన్యము నడుమ నుండినచో, వేఱే గెలాక్సీలు కలవను సంగతియే 1960 దాటు వరకు మనుష్యులకు తెలిసియుండదని ఒక శాస్త్రజ్ఞుడు చమత్కరించెను. అందు అతిశయోక్తి లేదు. మనకు దాపుననే, 25 లక్షల కాంతి సంవత్సరముల దూరమున, ఆండ్రోమెడా గెలాక్సీ యుండబట్టి దానిని మామూలు కంటితోనే చూడగలుగుచున్నాము.

ఇచట ఒక పొరపాటును సవరింపవలసి యున్నది. నక్షత్రముల నడుమ నల్లని మడుగువంటి చిత్రము నొకదానిని చూపి, ఇదియే భూతేశ శూన్యమని కొందరు ప్రచారము చేయుచుందురు. అది బార్నార్డ్ 68 అను ధూళిమేఘము. కొన్ని వందల కాంతి సంవత్సరముల దూరములోనే యున్నది. తన వెనుకనున్న చుక్కల వెలుగును దుమ్ము అడ్డగించుటచే అది నల్లగా కనబడును. అనగా ఆ నలుపునకు కారణము ఖాళీ కాదు, అడ్డుగా నున్న పదార్థమే. నిజమైన శూన్యమునకు నలుపు లేదు. దాని ముందరను వెనుకను గెలాక్సీలు ఉండనే యున్నవి. దుర్భిణిలో చూచినను అది ఆకాశము తక్కిన తావులవలెనే కనబడును.

ఇట్టి శూన్యము లేర్పడుట యెట్లు? విశ్వము పుట్టిన సుమారు 3,80,000 సంవత్సరములకు పదార్థము దాదాపు సమముగా పరచుకొని యుండెను. హెచ్చుతగ్గులు లక్షలో ఒక వంతు మాత్రమే. కాని గురుత్వాకర్షణము లోకములోని వడ్డీవ్యాపారి వంటిది; ఉన్నచోటికే మఱింత చేర్చును, లేనిచోట ఉన్నదియు ఊడ్చుకొనిపోవును. కొంచెము చిక్కనైన తావులు చుట్టుపట్ల పదార్థమును లాగికొని గెలాక్సీల గుంపులైనవి. పలుచని తావులు నానాటికి వట్టివగుచు విశాలమైనవి. కోట్ల సంవత్సరములు గడచుసరికి విశ్వము కుంకుడు నురుగువలె తయారైనది. నురుగులో బుడగల పొరలున్నట్లు గెలాక్సీల గోడలు. పొరల నడుమ గాలియున్నట్లు శూన్యములు. 1986లో వలెరీ ద లపరాం, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా అనువారు ఆకాశపు ముక్క నొకదానిని తీసి సుమారు 1,100 గెలాక్సీలతో పటము గీయగా ఈ నురుగు రూపము స్పష్టముగా కనబడెను. విశ్వమున అధిక భాగము శూన్యములే యని నేడు తెలిసినది.

శూన్యములలోని గెలాక్సీలు తక్కినవానికంటె సామాన్యముగా చిన్నవి. ఇరుగుపొరుగు లేకపోవుటచే ఢీకొనుటలు, చీల్చుకొనుటలు వానికి తక్కువ. నక్షత్రములను పుట్టించు వాయువు వానిలో ఎక్కువగా మిగిలియుండును. అందుచే క్రొత్త నక్షత్రములతో నీలివన్నె తాల్చియుండును. శూన్యమందలి గెలాక్సీలు తమ నక్షత్రములను గుంపులలోనివానికంటె మెల్లగా కూర్చుకొనినవని 2023లో ప్రకటింపబడిన పరిశోధన తెల్పుచున్నది.

శూన్యమును జూచుటకు భూతేశ మండలము దాక పోనక్కరలేదు. పాలపుంతయే యొక శూన్యపు ఒడ్డున నున్నది. దానిని 1987లో బ్రెంట్ టల్లీ, రిచర్డ్ ఫిషర్ అనువారు గుర్తించిరి. ఆ వైపు లాగునది లేక, ఈవలి వైపు గెలాక్సీలు లాగుచుండుటచే, మన గెలాక్సీయు దాని పరివారమును సెకనుకు సుమారు 260 కిలోమీటర్ల వేగముతో ఆ శూన్యము నుండి తొలగిపోవుచున్నవని 2008లో లెక్కించిరి. చూచువారికి శూన్యమే నెట్టుచున్నట్లు తోచును. ఇంత దగ్గరి శూన్యమును కొలుచుట మాత్రము దూరపుదానికంటె కష్టమైనది. దానిలో పెద్దభాగము పాలపుంత యొక్క దట్టమైన ధూళి వెనుకనే దాగియున్నది.