నవంబరు 11: యుద్ధం ముగిసిన రోజు

మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరు 11న ముగిసింది. ఫ్రాన్స్‌లోని కాంపియేన్ అడవిలో ఆగిన రైలుపెట్టెలో, తెల్లవారుజామున కాల్పుల విరమణ ఒప్పందంపై సంతకాలయ్యాయి. ఉదయం 11 గంటలకు అది అమల్లోకి వచ్చింది. లండన్, పారిస్ వీధుల్లో జనం సంబరాలు చేసుకున్నారు.

ఏడాది తిరిగేసరికి సంబరం స్థానంలో స్మరణ వచ్చింది. 1919లో బ్రిటన్ రాజు అయిదవ జార్జి పిలుపుతో ఉదయం 11 గంటలకు రెండు నిమిషాల మౌనం మొదలైంది. నేటికీ బ్రిటన్‌లో నవంబరు 11 సమీపించే రోజుల్లో ఎర్రని పాపీ పువ్వును కోటుకు పెట్టుకుంటారు. యుద్ధం నలిపేసిన నేలల్లో విరివిగా పూసిన పువ్వది.

1920 నవంబరు 11న లండన్‌లో, 1921 జనవరిలో పారిస్‌లో పేరు తెలియని ఒక్కో సైనికుణ్ణి సకల లాంఛనాలతో సమాధి చేశారు. ఆనవాలు దొరకని బిడ్డల తల్లిదండ్రులకు తలవంచి నిలబడే చోటు దొరికింది. పారిస్‌లో ఆ సమాధి వద్ద 1923లో వెలిగించిన జ్యోతిని ఇప్పటికీ రోజూ సాయంత్రం ప్రజ్వలింపజేస్తారు.

పోలండ్‌కు నవంబరు 11 స్వాతంత్ర్య దినం. అమెరికా 1954లో దీన్ని మాజీ సైనికులందరి గౌరవ దినంగా మార్చింది.

ఆ యుద్ధానికి భారతదేశం నుంచి పది లక్షలమందికి పైగా వెళ్లారు. 70 వేలమందికి పైగా తిరిగి రాలేదు. వారి స్మారకమే 1931లో ఆవిష్కరించిన ఢిల్లీ ఇండియా గేట్. దాని మీద 13 వేలకు పైగా పేర్లు చెక్కారు. అక్కడికి వెళ్లినవారు కట్టడాన్ని చూసి వచ్చేయకుండా, కొన్ని పేర్లయినా చదవాలి.