ఉప్పుగాలి తీరంలో చిన్న ఇల్లు
2022లో నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారిన వాకాడు తీరంలో చిన్న ఇంటిని బాగుచేయించేవారు రంగులకన్నా ముందు ఉప్పుగాలిని లెక్కలోకి తీసుకోవాలి. ఆ ఉప్పు తేమతో కలిసి కాంక్రీటులోకి ఇంకితే లోపలి ఇనుప కడ్డీ తుప్పుపట్టి ఉబ్బుతుంది; ఆ ఒత్తిడికి శ్లాబు అడుగున పెచ్చులూడి, ఎర్రటి చారలు బయటపడతాయి. పాత ఇటుక గోడకు సిమెంటుకు బదులు సున్నపు గచ్చు, అంటే నానబెట్టిన సున్నాన్ని ఇసుకతో మెదిపి చేసిన పూత, వేస్తే చెమ్మ బయటికి ఆరిపోతుంది. నేలకు కడప బండలు చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవన వానలు గోడను తడపకుండా చూరును బాగా ముందుకు దించాలి, ఇందులో పొదుపు పనికిరాదు. గది పెరుగుతుందని వసారాను మూసివేయడం పెద్ద పొరపాటు, ఎందుకంటే మధ్యాహ్నపు ఎండను గోడకు తగలనివ్వకుండా ఆపుతూ ఇంట్లోకి సముద్రపు గాలిని రానిచ్చేది ఆ వసారాయే.