కల్లు మండువ: పదమును, పరీక్షయు

ఓరుగల్లు కోటను జూడవచ్చు విద్వాంసులకుఁ గ్రీడాభిరామము స్మరణకు రాక మానదు. అందు మంచనశర్మయు టిట్టిభసెట్టియుఁ దిరిగిన నగరమున లక్ష్మణవజ్ఝల యింట రూకకు లభించు భోజనము వర్ణింపఁబడినది. దీనిని బట్టి కొందఱు పూటకూటియింటిని పానశాలతోఁ గలిపి చెప్పుచున్నారు. అది సరికాదు. అది యన్నము పెట్టు నిల్లు. ఈ సీమయందలి పానశాల వేఱు. దాని పేరు మండువ.

కోస్తా మండలములలో మండువ యనఁగా నింటినడుమ నాకాశమునకుఁ దెఱచియుండు భాగము. తెలంగాణమునఁ గల్లు మండువ యనఁగాఁ దాటివనముదరి గీతకార్మికులు కల్లు దింపి పంచెడు చోటు. పట్టణములలో దీనికి బదులు కల్లు కంపౌండు, కల్లు దుకాణము అను మాటలు వినఁబడును. ఓరుగల్లునుండి కరీంనగరమునకుఁ బోవు త్రోవలోని హుజూరాబాదు ప్రాంతపుఁ బల్లెలలో మండువ యన్న మాట కర్థము చెప్పవలసిన పనిలేదు.

మంచి మండువను గుర్తించుటెట్లు? ఫలకమును గాక చెట్టును జూడవలెను. తాటికల్లు పూగెలను గీయఁగాఁ గాఱును. ఈఁతకల్లు మోవిక్రింద మ్రానును జెక్కఁగా స్రవించును. ఈ రసము మొదటఁ దియ్యనిది. గాలియందును గుండయందును నుండు సూక్ష్మజీవులు చక్కెరను మద్యముగా మార్చును. కొన్ని గంటలలోనే పులుపెక్కును. లొట్టి లోపల సున్నము పూసినచో నీ మార్పు మందగించును. అట్టి తియ్యని రసమే నీరా. కావున నుదయమున దింపిన కల్లునకును సాయంకాలపుఁ గల్లునకును రుచి యొక్కటి కాదు. ఏ చెట్టుది, ఎప్పుడు దింపినది యని యడిగినప్పుడు తడుముకొనక చెప్పఁగల మండువయే మంచిది.

చెట్లు కొఱవడి గిరాకి మిక్కుటమైన చోట నీ ప్రశ్న ప్రాణప్రశ్నయగును. నీళ్లలోఁ జక్కెరయు, మత్తుకొఱకుఁ గ్లోరల్ హైడ్రేటు, డైజెపాం, ఆల్ప్రజోలం వంటి మందులును గలిపి కల్లుగా నమ్ముట కలదు. 2025 జూలైలో హైదరాబాదునందలి కూకట్‌పల్లి ప్రాంతమునఁ గల్తీకల్లు ద్రాగి పలువురు మరణించిరి. మత్తుమందు కలిసినదో లేదో నాలుకతోఁ దేల్చుట దుర్లభము. చెట్టును, గీసినవానిని ఎఱుఁగుటయే త్రాగువానికి రక్ష.

ఇందు బడిపంతుళ్లకును బని కలదు. చెట్టెక్కు త్రాడు మోకు. నడుమునఁ గట్టుకొను సరంజామా ముస్తాదు. కల్లు పట్టు కుండ లొట్టి. కాయలు కాయని చెట్టు పోతుతాడు. ఈ పదములు గీతకార్మికుల బిడ్డల నోట నిత్యము మెలఁగునవి. అవి నీచపదములని బాలురను గద్దించుటకంటె, ఒక్కొక్క పల్లెపేరుతో వ్రాసికొనుట మేలు. మండువను గుఱించి తెలిసికొనుటకుఁ గల్లు ద్రాగ నక్కఱలేదు. దానిని దింపువానిని గౌరవముతో నడిగినఁ జాలును.