రోటా చుక్కలు.. మూడు విడతలూ వేయించాల్సిందే
అమలాపురం: గోదావరికి ఎర్రనీరు వస్తే డెల్టాలో పసిపిల్లలున్న ఇళ్లకు విరేచనాల భయం పట్టుకుంటుంది. రోటా చుక్కలు వేయించినా విరేచనాలైతే మందు పనిచేయలేదనుకోవడం పొరపాటు. అతిసారానికి కారకాలు అనేకం. ఈ చుక్కలు అడ్డుకునేది రోటా వైరస్‌ను మాత్రమే.

1985-86లో ఢిల్లీ ఎయిమ్స్‌లో కొందరు నవజాత శిశువులకు ఈ వైరస్ సోకినా జబ్బు చేయలేదు. ఆ బలహీనమైన రకం నుంచే హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ రోటావాక్‌ను తయారు చేసింది. చుక్కల్లోని వైరస్ పేగుల్లో కొద్దిగా వృద్ధి చెందుతుంది. శరీరం దానిని శత్రువుగా గుర్తించి ప్రతిరక్షకాలను సిద్ధం చేసుకుంటుంది. అసలు వైరస్ ప్రవేశించినప్పుడు ఆ జ్ఞాపకంతోనే త్వరగా ఎదుర్కొంటుంది. ఒక్క విడతతో ఆ జ్ఞాపకం బలపడదు కనుకనే 6, 10, 14 వారాల వయసులో వేస్తారు.

2016లో దీనిని ఉచిత టీకాల్లో తొలుత చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రయోగ పరీక్షల్లో తొలి ఏడాది తీవ్రమైన రోటా అతిసారాన్ని సుమారు 56 శాతం తగ్గించింది. సంపూర్ణ రక్షణ కాకున్నా, పడవ దాటితే గానీ ఆస్పత్రికి చేరలేని లంకవాసులకు అది చిన్న మేలేమీ కాదు.

చుక్కలు వేయించాక కూడా విరేచనాలైతే తల్లిపాలు మాన్పించకుండా ఓఆర్‌ఎస్ పట్టించాలి. సిబ్బంది చెప్పిన మోతాదులో 14 రోజులు జింకు ఇవ్వాలి. కళ్లు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా తక్షణమే ఆస్పత్రికి తరలించాలి.