ట్రిమ్మరుకు కదురు ఉద్యోగం

రౌటరు అనగానే ఈ రోజుల్లో పిల్లలు గోడకు తగిలించిన ఇంటర్నెట్టు డబ్బా కేసి చూస్తారు. నేను చెప్పబోయేది అది కాదు. సన్‌మైకా అంచులు నున్నగా కొట్టడానికి వడ్రంగులు ఒంటి చేత్తో నడిపే, కందిరీగలా రొదపెట్టే చిన్న మిషను. ట్రిమ్మరని కూడా అంటారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకంటారా? కడపలో నా దగ్గర చదివిన కుర్రవాడొకడు డిగ్రీ పట్టుకుని రెండేళ్లు తిరిగి, చివరికి తండ్రి వడ్రంగం వైపే మళ్లాడు. అయితే ఉలి పట్టలేదు. కంప్యూటరు చెప్పినట్టల్లా అటూ ఇటూ నడిచి తలుపుచెక్క మీద నెమళ్లూ లతలూ చెక్కే యంత్రాన్ని ఇంట్లోనే బిగించుకున్నాడు. చట్రానికీ మోటార్లకీ తల్లి గాజులు తాకట్టుకు వెళ్లాయి. తీరా యంత్రానికి ప్రాణమైన స్పిండిలు కొనే వేళకు చేతిలో పైకం లేదు.

స్పిండిలంటే మరేం కాదు, కదురు. ఆదోని వైపు పత్తి ఊళ్లలో రాట్నం తిప్పిన అవ్వలతో ఈ మాట అంటే చాలు, తక్కిన శాస్త్రం వాళ్లే చెబుతారు. కదురు రవంత వంకరైతే నూలు నిలవదు గదా! ఈ పనికనే చేసిన స్పిండిలు నీళ్లతో చల్లబడుతూ, పెద్దగా చప్పుడు లేకుండా గంటల తరబడి తిరుగుతుంది. కాని దానికి కరెంటును మార్చి ఇచ్చే పెట్టె వేరే కావాలి. మొత్తం ఖర్చు ట్రిమ్మరుకు ఎన్నో రెట్లు. అందుచేత మావాడు తండ్రి పెట్టెలోని పాత ట్రిమ్మరునే బిగించాడు.

తెలిసినవారి గృహప్రవేశానికి పూజగది తలుపు ఒప్పుకున్నాడు. టేకు. దాని ధర మీకు చెప్పనక్కర్లేదు. ముందు ఒక తునక మీద చెక్కి చూస్తే అంచులన్నీ నల్లబడ్డాయి. “చెక్క కాలిపోతా ఉంది సార్” అని ఫోను చేశాడు.

కారణం లెక్కలో ఉంది. ఆ ట్రిమ్మరు వేగం ఒక్కటే, నిమిషానికి 30,000 చుట్లు. బిట్టుకు రెండు పళ్లు, అంటే నిమిషానికి 60,000 కోతలు. చట్రం నిమిషానికి 1,000 మిల్లీమీటర్లు నడుస్తుంటే ఒక్కో పన్ను తీసే పొట్టు మిల్లీమీటరులో అరవయ్యో వంతు. అది కోయడం కాదు, రుద్దడం. రుద్దితే వేడి, వేడికి మాడు. అదే 10,000 చుట్లకు తగ్గిస్తే పొట్టు ఇరవయ్యో వంతు అవుతుంది. వేడి ఆ పొట్టుతోనే ఎగిరిపోతుంది.

కాబట్టి అంగట్లో వాట్లు చూసి మురిసిపోకండి, వేగం తగ్గించే చక్రం ఉందా అని అడగండి. మకీటా కంపెనీవారి 3709 రకం 530 వాట్లు, వేగం ఒక్కటే. ఆర్‌టీ 0700 రకం 710 వాట్లు, 10,000 నుంచి 30,000 దాకా మార్చుకోవచ్చు. బయటి రెగ్యులేటరు పెడితే చాలదా అనవచ్చు. మామూలు బ్రష్షుల మోటారు వేగం తగ్గుతుంది గాని, దానితోపాటు బలమూ తగ్గి చెక్క తగలగానే నీరసిస్తుంది. లోపలే ఎలక్ట్రానిక్ ఏర్పాటున్న దానికైతే బయటి రెగ్యులేటరు తగిలించనే కూడదు.

మావాడు వేగం మారే ట్రిమ్మరు అరువుకు తెచ్చాడు. మాడు పోయింది గాని, ఒక గీతు నున్నగా, ఒక గీతు గరుకుగా వచ్చింది. అప్పుడు వంకర సంగతి చూశాం. కొల్లెట్టులో నిటారైన ఉక్కు కడ్డీ బిగించి, పక్కన డయల్ గేజి ఆనించి, చేత్తో మెల్లగా తిప్పాలి (ప్లగ్గు పీకి మరీ!). ముల్లు 0.12 మిల్లీమీటర్లు ఊగింది. పొట్టు 0.05 అయితే ఊపు 0.12, రెండు పళ్లలో ఒకటే పనిచేస్తుంది, రెండోది షికారు. కొల్లెట్టు విప్పి చూస్తే లోపల రంపపుపొట్టు గట్టకట్టి ఉంది. తుడిచి, మంచి కొల్లెట్టు వేసి, బిట్టును అడుగంటా దూర్చి రెండు మిల్లీమీటర్లు వెనక్కి లాగి బిగిస్తే ముల్లు 0.03కు దిగింది. నన్నడిగితే ఇంత చవకైన మరమ్మతు వేరే లేదు. చేత్తో కదిపితే ఇంకా లొడలొడలాడుతుంటే బేరింగులు మార్చాలి. పాతవాటి మీది అంకె చూసి, దుమ్ము చొరకుండా రబ్బరు మూతలున్నవి అడిగితే సరి.

మా సీమలో అసలు శత్రువు ఎండ. మోటారును చల్లబరిచే పంకా మోటారు ఇరుసు మీదే ఉంటుంది. వేగం తగ్గిస్తే గాలీ తగ్గుతుంది. మే నెల కడపలో ఆ గాలే నిప్పు. దుమ్ము రాకుండా గాలిరంధ్రాలకు దళసరి గుడ్డ కట్టారో, మోటారు ఉడికిపోతుంది. దానికంటె పొట్టును అక్కడికక్కడే పీల్చే వాక్యూము మేలు. చెవులకు దూది చాలదు, చెవిమూతలు కావాలి. పక్కింటివారికి ఏమివ్వాలో మాత్రం ఇంతవరకు తేలలేదు.

దీనితోనే కడప బండ మీద చెక్కవచ్చునా అని చాలామంది అడుగుతున్నారు. వద్దు. రాతికి వజ్రపు బిట్టూ నీళ్లూ కావాలి. రంధ్రాలున్న కరెంటు మోటారు దగ్గర నీళ్లు ప్రాణాంతకం. ఆ పని మూసివున్న స్పిండిలుకో, ఆళ్లగడ్డ శిల్పుల ఉలికో వదలాలి.

తలుపు గడువుకు రెండు రోజుల ముందే ముగిసింది. అయితే 6 మిల్లీమీటర్ల బిట్టు లోపలి మూలలను గుండ్రంగానే వదులుతుంది, 3 మిల్లీమీటర్ల వంపుతో. తండ్రి చేత్తో తడిమి చూసి, ఉలి తీసి మూలలన్నీ చదరం చేశాడు. “మూలలకు కూలి వేరేరా అబ్బాయి” అన్నాడు కొడుకుతో, నవ్వకుండానే.