డాక్టరుగారు ఇంకా కబురు చేయలేదా?

"ముక్క పరీక్షకిచ్చి వారమైంది. డాక్టరుగారు ఫోన్ ఎత్తరు, కబురూ లేదు." ఆదివారం ఆరాధన ముగిశాక మమ్మల్ని ఆపి చాలామంది చెప్పుకునే బాధ ఇది. అన్నం సయించదు, ఫోన్ మోగితే గుండె ఝల్లుమంటుంది. ఆ కోపం న్యాయమైనదే.

అయితే ఆలస్యమంతా డాక్టరుగారిది కాదు. శరీరం నుండి తీసిన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో బిగించి, వెంట్రుక కన్నా ఎంతో పలుచగా కోసి, రంగు వేసి చూస్తారు. ఇందుకే కొన్ని రోజులు పడుతుంది. అనుమానం వస్తే మరో రంగు, మరికొన్ని రోజులు. క్షయ కల్చర్ అయితే ఇంకా నిదానం. ఆ క్రిమి మెల్లగా పెరుగుతుంది గనుక "లేదు" అని తేల్చడానికి 6 నుండి 8 వారాలు ఆగాలి. అదే కళ్లెను సీబీనాట్ యంత్రంలో పెడితే సుమారు 2 గంటల్లో తెలుస్తుంది. కనుక ఏ పరీక్షకు పంపారో ముందు తెలుసుకోండి.

ఓ.పి. గదిలో నుండి లేచే ముందే ఫలితం ఏ రోజు వస్తుందో, ఎవరు చెబుతారో, ఏ నంబరుకు చేయాలో అడిగి చీటీ వెనుక రాయించుకోండి. డాక్టరుగారు ఆపరేషన్‌లో ఉంటే నర్సమ్మగారికి మీ ఓ.పి. నంబరు, ముక్క తీసిన తేదీ చెప్పండి. "అర్జంటండీ" అనడం కన్నా ఇది త్వరగా పనిచేస్తుంది. కబురు రాలేదు గనుక అంతా బాగున్నట్టే అనుకోవద్దు; రిపోర్టు ఏదో బల్ల మీద ఉండిపోయి ఉండవచ్చు. చెప్పిన రోజు దాటితే మొహమాటపడక మళ్లీ అడగండి.

ఈలోగా రక్తం పడినా, ఆయాసం పెరిగినా ఫోన్ కోసం కూర్చోకండి. రాత్రయినా సరే, నేరుగా క్యాజువాలిటీకి రండి.