హ్యారీ పోటర్: ముగింపు తెలియని కథకు పాత్రధారుల్ని ఎలా ఎంచుకున్నారు?

2000 ఆగస్టులో వార్నర్ బ్రదర్స్ సంస్థ ముగ్గురు బ్రిటిష్ పిల్లల పేర్లను ప్రకటించింది. డేనియల్ రాడ్‌క్లిఫ్ వయసు అప్పటికి 11 ఏళ్లు. ఎమ్మా వాట్సన్‌కు 10. రూపర్ట్ గ్రింట్‌కు మరికొద్ది రోజుల్లో 12 నిండనున్నాయి. వీరు ధరించవలసిన హ్యారీ, హెర్మయొనీ, రాన్ పాత్రలు చివరికి ఏ తీరం చేరతాయో ఆనాటి పాఠకులకు తెలియదు, సినిమా తీస్తున్నవారికీ తెలియదు. జేకే రౌలింగ్ రాయదలచిన ఏడు నవలల్లో అప్పటికి వెలువడినవి నాలుగే. చివరి నవల 2007 జులైలో వచ్చింది. అప్పటికే అయిదో సినిమా థియేటర్లలో ఆడుతోంది.

మామూలుగా నటీనటుల ఎంపిక అంటే పూర్తి కథను ముందుంచుకుని, దానికి తగిన ముఖాలను వెతకడం. ఇక్కడ ఆ వీలు లేకపోయింది. ఏ చిన్న పాత్ర తర్వాత పెద్దదవుతుందో తెలియదు. పిల్లలు పెరిగి ఎలా ఉంటారో, వయసు మళ్లిన నటుల ఆరోగ్యం ఎంతకాలం సహకరిస్తుందో తెలియదు. 2001 నవంబరు నుంచి 2011 జులై వరకు ఎనిమిది సినిమాలు విడుదలయ్యాయి. నలుగురు దర్శకులు మారారు. పాత్రధారుల ఎంపిక మాత్రం ఆ పదేళ్లూ ఏదో ఒక రూపంలో సాగుతూనే ఉంది.

నాటకశాలలో కనిపించిన బాలుడు

ప్రధాన పాత్రలకు బ్రిటిష్ నటులనే తీసుకోవాలన్నది రౌలింగ్ పట్టుదల. హ్యారీ కోసం నెలల తరబడి వెతికారు. చివరకు నిర్మాత డేవిడ్ హేమన్, రచయిత స్టీవ్ క్లోవ్స్ లండన్‌లో ఒక నాటకం చూడటానికి వెళ్లినప్పుడు ప్రేక్షకుల్లో తండ్రితోపాటు కూర్చున్న రాడ్‌క్లిఫ్ కనిపించాడు. అతడు అప్పటికే బీబీసీ నిర్మించిన 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'లో బాల డేవిడ్‌గా నటించి ఉన్నాడు.

అయితే అతడి తల్లిదండ్రులు వెంటనే అంగీకరించలేదు. మొదట వచ్చిన ప్రతిపాదన ప్రకారం లాస్ ఏంజెలిస్‌లో ఆరు చిత్రాలు చేయాలి. అంటే పిల్లవాడి బాల్యమంతా రాసిచ్చినట్లే. చిత్రీకరణ బ్రిటన్‌లోనేనని, ఒప్పందం రెండు చిత్రాలకేనని తేలిన తర్వాతే వారు సరేనన్నారు. దీంతో నిర్మాతలకు మరో చిక్కు మిగిలింది. ఏడు నవలల కథను రెండు చిత్రాల హామీతో మొదలుపెట్టవలసి వచ్చింది.

ఆ చిక్కు తర్వాత నిజంగానే ఎదురైంది. అయిదో చిత్రం సమయంలో సిరీస్ నుంచి తప్పుకోవడం గురించి తాను ఆలోచించినట్లు వాట్సన్ చాలా ఏళ్ల తర్వాత, 2022లో ప్రసారమైన పునస్సమాగమ కార్యక్రమంలో చెప్పారు. గ్రింట్‌కూ అలాంటి ఆలోచనలే వచ్చాయట. ఆ సంగతి అప్పట్లో ఒకరికొకరు చెప్పుకోలేదు. పదేళ్ల వయసులో చెప్పిన 'సరే'కు పదిహేడేళ్ల వయసులోనూ కట్టుబడి ఉండాలని ఆశించడం న్యాయమేనా అన్న ప్రశ్నను ఈ సిరీస్ విజయం కొంత మరుగుపరిచింది.

పిల్లలు ఎదిగే తీరు కూడా ఎవరి చేతుల్లోనూ ఉండదు. నెవిల్ పాత్రధారి మాథ్యూ లూయిస్ పొడగరిగా, చూడచక్కని యువకుడిగా ఎదిగాడు. బొద్దుగా, బెరుకుగా ఉండే నెవిల్‌గా కనిపించేందుకు అతడికి కృత్రిమ దంతాలు పెట్టి, ఒంటికి మెత్తలు కట్టవలసి వచ్చింది.

ఒక నటుడి వయసు, ఒక తరం వయసు

ప్రొఫెసర్ స్నేప్ పాత్రకు మొదట టిమ్ రాత్‌ను అనుకున్నారు. ఆయన 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' చిత్రం వైపు మొగ్గడంతో అది అలాన్ రిక్‌మన్‌కు దక్కింది. స్నేప్ అంతరంగానికి సంబంధించిన ఒక కీలక విషయాన్ని రౌలింగ్ ఆయనకు ముందే చెప్పారు. ఆయన దాన్ని బయటపెట్టకుండా, దాని ఆధారంగా ఏళ్లపాటు నటించారు. చివరి నవల చదివాక మొదటి చిత్రాన్ని మళ్లీ చూసినవారికి ఆయన చూపుల్లో, విరామాల్లో కొత్త అర్థం కనిపించింది.

రిక్‌మన్ ఎంపికను తప్పుపట్టేవారు అరుదు. కానీ దానికి చెల్లించిన మూల్యం ఒకటుంది. నవల ప్రారంభంలో స్నేప్ వయసు 31 ఏళ్లు. 2000లో రిక్‌మన్‌కు 54. స్నేప్‌తో కలిసి చదివినవారే హ్యారీ తల్లిదండ్రులు, సిరియస్, లూపిన్. స్నేప్ యాభైలు దాటినవాడిగా కనిపిస్తే, మిగిలినవారిని ముప్పైల్లో చూపడం కష్టం. అందుకే ఆ పాత్రలకూ వయసు పైబడిన నటులే వచ్చారు. నవలలో హ్యారీ తల్లిదండ్రులు 21 ఏళ్లకే హత్యకు గురవుతారు. పిల్లలనదగ్గ వయసులోనే ఒక తరం యుద్ధానికి బలైందన్న విషాదం పుస్తకంలో ఉన్నంత పదునుగా తెరమీద లేదు.

హ్యారీ కళ్ల కథ కూడా ఇలాంటిదే. పుస్తకంలో అవి ఆకుపచ్చనివి. రాడ్‌క్లిఫ్‌వి నీలికళ్లు. రంగు కటకాలు అతడికి పడలేదు. రంగు ఏదైనా ఫర్వాలేదు, తల్లి కళ్లతో పోలిక ఉంటే చాలునని రచయిత్రి సడలింపు ఇచ్చారు. తీరా చివరి చిత్రంలో తల్లి బాల్యాన్ని చూపిన బాలికవి గోధుమరంగు కళ్లు. అభిమానులు దాన్ని ఇప్పటికీ మరచిపోలేదు.

ఇద్దరు డంబుల్‌డోర్‌లు

హాగ్వార్ట్స్ ప్రధానాచార్యుడు డంబుల్‌డోర్ పాత్రకు ఐరిష్ నటుడు రిచర్డ్ హారిస్ మొదట సుముఖత చూపలేదు. మనవరాలు పట్టుబట్టడంతో ఒప్పుకున్నారు. రెండో చిత్రం విడుదలకు కొద్ది వారాల ముందు, 2002 అక్టోబరు 25న, 72 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. ఇంకా ఆరు చిత్రాలు మిగిలి ఉన్నాయి. కథకు ఇరుసులాంటి పాత్రకు నటుడు లేకుండాపోయాడు.

ఇయాన్ మెకెల్లన్ పేరు వినిపించింది. ఆయన అప్పటికే 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో మాంత్రికుడు గాండాల్ఫ్‌గా ప్రఖ్యాతుడు. కానీ హారిస్ ఒకప్పుడు తన నటనను విమర్శించారని, తనను మెచ్చని వ్యక్తి పాత్రను తాను తీసుకోలేకపోయానని మెకెల్లన్ 2017లో బీబీసీకి చెప్పారు.

చివరకు డబ్లిన్‌లో పుట్టిన మైఖేల్ గాంబన్ వచ్చారు. ఆయన హారిస్‌ను అనుకరించే ప్రయత్నం చేయలేదు. హారిస్ డంబుల్‌డోర్‌లో మెల్లని మాట, అలసిన దయ ఉండేవి. గాంబన్‌లో చురుకుదనం, కొంత ఆగ్రహం కనిపించాయి. నాలుగో చిత్రంలో హ్యారీని పట్టి కుదిపి ప్రశ్నించే సన్నివేశం పాఠకులకు మింగుడు పడలేదు. పుస్తకంలో ఆ ప్రశ్నను డంబుల్‌డోర్ ప్రశాంతంగా అడుగుతాడు మరి. అయితే చివరి భాగాల్లో శత్రువుతో తలపడుతూ, తన రహస్యాల బరువు మోసే వృద్ధుడిగా గాంబన్ సరిగ్గా అమరారు. మొదటి రెండు చిత్రాల మృదుత్వం ఆ ఘట్టాలకు సరిపోయేదా అన్నది సందేహమే.

అన్ని మార్పులూ మరణం వల్ల వచ్చినవి కావు. అయిదో చిత్రంలో బెలాట్రిక్స్‌గా ఎంపికైన హెలెన్ మెక్‌క్రోరీ గర్భవతి కావడంతో తప్పుకున్నారు. ఆ పాత్ర హెలెనా బోన్హమ్ కార్టర్‌కు వెళ్లింది. ఆరో చిత్రంలో మెక్‌క్రోరీనే బెలాట్రిక్స్ సోదరి నార్సిసాగా తిరిగి వచ్చారు. హ్యారీ ప్రాణాన్ని నిలిపే ఒక అబద్ధం చివరికి ఆ సోదరి నోటినుంచే వెలువడుతుంది.

పద్మ, పార్వతి, లావెండర్

దక్షిణాసియా ప్రేక్షకులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకున్న పాత్రలు కవల సోదరీమణులు పద్మా పాటిల్, పార్వతీ పాటిల్. నాలుగో చిత్రం నుంచి ఆ పాత్రల్లో కనిపించిన అఫ్షాన్ ఆజాద్, షెఫాలీ చౌధురీ కవలలు కారు, అక్కచెల్లెళ్లూ కారు. ఒకరు మాంచెస్టర్‌లో, మరొకరు వేల్స్‌లో పుట్టారు. ఇద్దరివీ బంగ్లాదేశ్ మూలాలున్న కుటుంబాలు. మూడో చిత్రంలో ఆ పాత్రల్లో వేరే బాలికలున్నారు. ఆ మార్పు పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదంటే, ఆ పాత్రలకు దక్కిన చోటు ఎంతో తెలుస్తుంది. నృత్యోత్సవంలో లెహంగాలతో మెరిసిన కాసేపు తప్ప వారికి సంభాషణలూ అంతంతమాత్రమే.

లావెండర్ బ్రౌన్ పాత్ర విషయంలో విమర్శ మరింత సూటిగా వచ్చింది. తొలినాళ్లలో తరగతి గదిలో వెనక కనిపించి వెళ్లే విద్యార్థినిగా ఆ పాత్రలో నల్లజాతి బాలికలు ఉన్నారు. ఆరో చిత్రంలో లావెండర్ రాన్ ప్రియురాలై మాటలు, హాస్యం, ప్రాధాన్యం వచ్చినప్పుడు శ్వేతజాతి నటి జెస్సీ కేవ్‌ను తీసుకున్నారు. పాత్ర ఎదుగుతుందని ముందు తెలియకపోవడం ఒక కారణం కావచ్చు. తెలిసిన తర్వాత చేసిన ఎంపికకు ఆ కారణం వర్తించదు.

మళ్లీ మొదటినుంచి

ఇప్పుడు హెచ్‌బీఓ ఇదే కథను టెలివిజన్ సిరీస్‌గా తీస్తోంది. బహిరంగ ఆహ్వానానికి స్పందించి 30 వేలకు పైగా పిల్లలు ఆడిషన్లకు వచ్చారు. 2025 మేలో డొమినిక్ మెక్‌లాఫ్లిన్, అరబెల్లా స్టాంటన్, అలస్టేర్ స్టౌట్ పేర్లు ప్రకటించారు. జులైలో, పాత చిత్రాలు తీసిన లీవ్స్‌డెన్ స్టూడియోలోనే చిత్రీకరణ మొదలైంది.

ఈసారి కథ మొత్తం చేతిలో ఉంది. ఆ తేడా ఎంపికలో కనిపిస్తోంది. స్నేప్‌గా ఎంపికైన నల్లజాతి నటుడు పాపా ఎసియెడు వయసు ముప్పైల్లోనే ఉంది, అంటే నవలలోని స్నేప్‌కు దగ్గరగా. హ్యారీ తల్లిదండ్రులనూ వారి అసలు వయసులో చూపే అవకాశం దీనితో తిరిగి వచ్చింది.

డంబుల్‌డోర్ పాత్ర మాత్రం అమెరికా నటుడు జాన్ లిత్‌గోకు దక్కింది. పదేళ్లపాటు సాగుతుందని సంస్థ చెబుతున్న ఈ సిరీస్‌కు ఆయన ఒప్పుకున్నది 79 ఏళ్ల వయసులో. చిత్రీకరణ ముగింపు వేడుక నాటికి తనకు 87 ఏళ్లు వస్తాయని ఆయనే లెక్కవేసి చెప్పారు.